సిరా నిలిచే చోటు

ఊళ్లు తిరుగుతూ బొమ్మలు వేసేవారు వాడే మార్కర్‌ను విప్పి చూస్తే అందులో ముఖ్యమైన భాగాలు మూడే కనిపిస్తాయి. సిరాను దాచుకొనే పీచుకట్ట ఒకటి, ఆ సిరాను కాగితం దాకా తెచ్చే మొన మరొకటి, ఈ రెండూ ఎండిపోకుండా కాపాడే మూత మూడోది. మొదటి రెండూ ప్లాస్టిక్ గొట్టంలో దాగి ఉండటం వల్ల కొనేవారి దృష్టి గొట్టం మీది పేరు మీదికి, పెట్టెలోని రంగుల సంఖ్య మీదికి మళ్లుతుంది. అయితే ఇవే భాగాలు ఏ కప్పూ లేకుండా, పనితీరంతా బయటికే కనబడేలా ఉన్న సాధనం ఒకటి తిరుపతికి నలభై కిలోమీటర్ల లోపు దూరంలో, స్వర్ణముఖి ఒడ్డున, తరతరాలుగా వాడుకలో ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుల చేతిలోని వెదురు కలం అది. పదే పదే నింపుకొని వాడే మార్కర్‌ను ఎంచుకోదలచినవారు ముందుగా ఈ కలం ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే, దుకాణంలో ఏ ప్రశ్న అడగాలో, ఏది అడగనక్కర్లేదో వారికి సులభంగా బోధపడుతుంది.

వెదురు పుల్ల కొసను సన్నగా చెక్కి, ఆ కొసకు అంగుళం పైన ఉన్ని పీచునో ఉన్నిగుడ్డ పేలికలనో ముద్దగా చుట్టి, నూలు దారంతో బిగించి కడితే కలం తయారవుతుంది. దానిని రంగు గిన్నెలో ముంచి తీసినప్పుడు ఉన్నిముద్ద ద్రవాన్ని పీల్చుకొని తన పీచుల మధ్య పట్టి ఉంచుతుంది. కళాకారుడు ఆ ముద్దను బొటనవేలికీ తక్కిన వేళ్లకూ నడుమ పట్టుకొని మొనను గుడ్డకు ఆనించి మెల్లగా నొక్కితే ద్రవం వెదురు మొన వెంట పలుచని పొరగా దిగుతుంది, పట్టు సడలిస్తే ఆగుతుంది. గీతలు గీసే కలానికి మొన సూదిగానూ, రంగు నింపే కలానికి మొద్దుగా గుండ్రంగానూ ఉంటుంది. మచిలీపట్నం కలంకారీలో చెక్క అచ్చులకు ప్రాధాన్యం ఎక్కువ కాగా, శ్రీకాళహస్తిలో బొమ్మ మొత్తం ఈ కలంతోనే గీస్తారు. 1950ల చివర కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అఖిల భారత హస్తకళల మండలి ఇక్కడ శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పిన తరువాత అంతరించిపోతున్న ఈ పని మళ్లీ నిలదొక్కుకుంది. 2008లో పద్మశ్రీ అందుకొన్న జొన్నలగడ్డ గురప్ప శెట్టి వంటి గురువుల ద్వారా అది కొత్త తరాలకు చేరింది.

ముద్దకు ఉన్నినే వాడటంలో భౌతికశాస్త్రపరమైన ఔచిత్యం ఉంది. గొర్రె ఉన్ని పోగు సహజంగానే వంపులు తిరిగి ఉండటం వల్ల, తడిసిన తరువాత నొక్కి వదిలినా చాలావరకు పూర్వపు ఆకారానికి తిరిగి వస్తుంది, పీచుల మధ్య ఖాళీలు మళ్లీ తెరచుకొంటాయి. నూలు పోగు అలా కాక తడిస్తే మెత్తబడి అణగిపోతుంది. అంటే వందల సార్లు పిండినా సిరా నిలిచే చోటు మూసుకుపోని పదార్థాన్ని కలంకారీ కళాకారులు అనుభవంతో ఎంచుకొన్నారు. ఆధునిక మార్కర్‌లో పాలియెస్టర్ పీచుకట్టకు అప్పగించిన బాధ్యతలో ప్రధానమైనది ఇదే.

పీచుల మధ్య ద్రవం ఎందుకు నిలుస్తుందనే దానికి సమాధానం కేశనాళికీయత అనే ధర్మంలో ఉంది. ద్రవం ఉపరితలం సాగదీసిన పొరలా బిగిసి ఉండే గుణాన్ని తలతన్యత అంటారు. ద్రవం గోడను తడపగలిగినప్పుడు ఈ తలతన్యత సన్నని సందులోకి ద్రవాన్ని లాగుతుంది, సందు ఎంత సన్ననైతే లాగే బలం అంత పెరుగుతుంది. 0.2 మిల్లీమీటర్ల వ్యాసం గల గాజు గొట్టంలో నీరు దాదాపు 15 సెంటీమీటర్ల ఎత్తుకు తనంత తానే ఎక్కుతుంది, వ్యాసం రెట్టింపైతే ఎత్తు సగమవుతుంది. దీనినే తిప్పి లెక్కిస్తే, 10 సెంటీమీటర్ల పొడవైన పీచుకట్టను మొన కిందికి చేసి నిలబెట్టినప్పుడు నీటి సిరా కారిపోకుండా ఉండాలంటే పీచుల మధ్య సందులు సుమారు 0.3 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండాలని తేలుతుంది. ఆల్కహాల్ తలతన్యత నీటిదానిలో మూడో వంతు కంటే తక్కువ కాబట్టి, సాంద్రతలోని తేడాను కూడా కలుపుకొంటే, అదే పొడవుకు సందులు 0.1 మిల్లీమీటరుకు అటూ ఇటుగా ఉండవలసి వస్తుంది. నీటి సిరా కోసం తయారైన ఖాళీ మార్కర్‌లో ఆల్కహాల్ సిరా పోస్తే అది కారిపోవడానికి అవకాశం ఎందుకుందో ఈ చిన్న లెక్క చెబుతుంది. గొట్టం మీద ఏ ద్రవానికి తగినదో రాసి ఉన్న సంగతిని వ్యాపార కిటుకుగా కొట్టిపారేయడం అందువల్ల సరికాదు.

సిరా ఒకచోట నిలవడమొక్కటే చాలదు, అడిగినప్పుడు కదలాలి కూడా. పీచుకట్టలోని సందుల కంటే మొనలోని సందులు సన్ననివై, మొనలోని వాటి కంటే కాగితంలోనివి మరింత సన్ననివైతేనే సిరా ఒక దాని నుంచి మరొక దానికి వరుసగా లాగబడుతుంది. కలం విషయంలో ఉన్నిముద్ద నుంచి వెదురు మొన మీదుగా నేత గుడ్డ పోగుల లోపలికి జరిగే ప్రయాణంలోనూ చివరి లాగుడు గుడ్డదే, వేళ్ల నొక్కుడు దానికి తోడు మాత్రమే. ఈ వరుసకు భూమ్యాకర్షణతో పని లేదు. 1963లో జపాన్‌లో పెంటెల్ సంస్థ విడుదల చేసిన పీచుమొన సైన్ పెన్ను అదే దశాబ్దంలో అమెరికా జెమిని అంతరిక్ష యాత్రల్లో వాడుకకు వచ్చిందంటే, భారరహిత స్థితిలో కూడా సిరాను మొనకు చేర్చే శక్తి దాని పీచు సందుల్లో ఉండటమే కారణం.

ఇక కలంలోకి వెళ్లే ద్రవం సంగతి. కలంకారీ నల్లరంగును కసిమి అంటారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను, చెరకు బెల్లాన్ని, తాటిబెల్లాన్ని నీటిలో వేసి రెండు మూడు వారాల పాటు పులియబెడితే, బెల్లంలోని చక్కెర మొదట ఆల్కహాల్‌గానూ తరువాత ఎసిటిక్ ఆమ్లంగానూ మారుతుంది. వెనిగర్‌కు పులుపునిచ్చే ఆ ఆమ్లం ఇనుమును కరిగించి ఫెర్రస్ ఎసిటేట్ అనే లవణాన్ని తయారు చేస్తుంది. విశేషమేమిటంటే గిన్నెలోని ఈ ద్రవం గుడ్డ మీద కనిపించేంత నల్లగా ఉండదు. గుడ్డను ముందుగానే కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన నీటిలో నానబెట్టి ఆరబెట్టి ఉంచుతారు. కరక్కాయలో పుష్కలంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థంతో ఇనుము కలిసి, గాలిలోని ఆక్సిజన్ తగిలాక, నీటిలో కరగని నల్లని సమ్మేళనంగా పోగుల్లోనే ఏర్పడుతుంది. ఐరోపాలో శతాబ్దాల పాటు దస్తావేజులు రాయడానికి వాడిన ఇనుప సిరాలోనూ జరిగేది ఈ చర్యే, కాకపోతే అక్కడ టానిన్‌ను సీసాలోనే కలిపేవారు, ఇక్కడ గుడ్డలో కలుపుతారు.

గేదె పాలకు వేరే పని ఉంది. పాలలోని కొవ్వు, కేసీన్ అనే మాంసకృత్తి పోగులకు అంటుకొని నీటిని కొంతవరకు నిలువరించడం వల్ల గీత పక్కలకు అలుముకోకుండా గీసిన చోటనే నిలుస్తుంది. పాలు పట్టని గుడ్డ మీద ఎంత నేర్పరి చేతిలో కలమైనా అంచు చెదరని గీతను ఇవ్వలేదు. రంగులో సగం కలంలో ఉంటే తక్కిన సగం గుడ్డలో ఉందని శ్రీకాళహస్తి పద్ధతి చూపుతుంది. మార్కర్ల గురించిన చర్చల్లో కాగితం ప్రస్తావన చివరి వాక్యానికి పరిమితం కావడం ఈ దృష్టితో చూస్తే వింతగానే తోస్తుంది.

ఇంత పొగిడిన కలం ప్రయాణానికి పనికిరాదని కూడా చెప్పాలి. ఉన్నిముద్దలో పట్టే ద్రవం కొద్ది గీతలకే సరిపోతుంది, పక్కన గిన్నె ఉండి తీరాలి, తెరచి ఉన్న గిన్నెను చంద్రగిరి కోట మెట్ల మీదికో తలకోన బండల మీదికో తీసుకుపోవడం అయ్యే పని కాదు. పోనీ కసిమిని ఖాళీ మార్కర్‌లో నింపుదామన్నా కుదరదు. కరిగి ఉన్న ఇనుము గాలి తగిలి కరగని రూపంలోకి మారి పీచు సందులను పూడుస్తుంది. కలంలో అయితే దారం విప్పి, ఉన్నిని కడిగి, చాలకపోతే పారేసి, కొత్త ఉన్ని చుట్టుకొంటారు. మొన అరిగితే కత్తితో మళ్లీ చెక్కుకొంటారు. ఏ భాగం చెడితే ఆ భాగాన్ని మాత్రమే మార్చుకొనే ఈ వీలు ఆధునిక మార్కర్లలో చాలావాటికి లేదు, ఉన్నవాటికే నింపుకొనే మార్కర్ అనే పేరు న్యాయంగా చెల్లుతుంది.

జపాన్‌లో 1987లో మొదలైన కోపిక్ మార్కర్లు ఈ వీలును చిత్రకారులకు విస్తృతంగా అందించిన వాటిలో ముఖ్యమైనవి. వాటి సిరా సీసా విడిగా, మొనలు విడిగా అమ్ముతారు. నింపే సూత్రం మాత్రం మన బడుల్లో తెల్లబోర్డు మార్కర్‌కు సీసాతో సిరా పోసుకొనే ఉపాధ్యాయులకు కొత్తదేమీ కాదు. మొన మీద చుక్కలు చుక్కలుగా వేసినా, మొన తీసి పీచుకట్టలో పోసినా సిరా సందుల్లోకి ఇంకుతుంది. చేయకూడని పని ఒకటే, అదేమంటే అంచుల దాకా నింపడం. పీచుకట్టలోని సందులన్నీ నిండిపోయిన తరువాత లాగే బలం పూర్తిగా నశిస్తుంది, అప్పటి నుంచి సిరాను ఆపేది ఏదీ ఉండదు, మూత తీయగానే బొట్టు రాలుతుంది. అందువల్ల గీత పలచబడినప్పుడు కొద్దికొద్దిగా పోసి, పీచుకట్టలో కొంత భాగం ఖాళీగా ఉండగానే ఆపడం మంచిది. రెండు కొసలా మొనలున్న మార్కర్‌ను పడుకోబెట్టి దాచడానికి కూడా కారణం ఇటువంటిదే. నిలబెడితే పై మొన ఎండి కింది మొన తడిసిపోతుంది.

మార్కర్లను వాటిలోని వాహక ద్రవాన్ని బట్టి, అంటే రంగును మోసుకొచ్చి తాను ఆవిరైపోయే ద్రవాన్ని బట్టి, మూడు తెగలుగా చూడవచ్చు. ఆల్కహాల్ మార్కర్‌లో రంగు అణువులుగా కరిగి ఉంటుంది, తలతన్యత తక్కువ కాబట్టి కాగితంలోకి వేగంగా ఇంకి, పక్క పక్క గీతలు ఒకదానిలో ఒకటి కరిగి చారలు లేని సమతలమైన రంగు వస్తుంది. నీటి మార్కర్‌లో ఆరే వేగం తక్కువ, మొన ఎండకుండా గ్లిజరాల్ వంటి తేమను పట్టే ద్రవాలు కలుపుతారు, కుంచెతో నీరు తాకిస్తే కొన్ని రంగులు మళ్లీ కరుగుతాయి. మూడోది పంపు మార్కర్. అందులో రంగు కరిగి ఉండదు, మైక్రాన్‌లో భాగమంత చిన్న రేణువులుగా అక్రిలిక్ బంకతో కలిసి తేలుతూ ఉంటుంది. ఆ రేణువులు పీచుకట్టలో ఇరుక్కుపోతాయి కాబట్టి రంగును ఖాళీ గొట్టంలోనే ఉంచి, మొనను నొక్కినప్పుడు మాత్రమే తెరచుకొనే కవాటం అమరుస్తారు, గొట్టంలో గోలీ వేసి ఊపి వాడమంటారు. మొలొటో వంటి సంస్థలు ఇటువంటి ఖాళీ గొట్టాలను, నింపే రంగును విడివిడిగా అమ్ముతాయి.

దక్షిణ రాయలసీమ వేసవిలో ఈ మూడింటి ప్రవర్తనా ఒక్కటిగా ఉండదు. తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి ప్రాంతాల్లో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ద్రవం ఆవిరై పైకి లేవడానికి చేసే ఒత్తిడిని భాష్పపీడనం అంటారు. ఇథైల్ ఆల్కహాల్ విషయంలో ఇది 20 డిగ్రీల దగ్గర ఉన్నదాని కంటే 40 డిగ్రీల దగ్గర మూడు రెట్లు ఉంటుంది. నీటి భాష్పపీడనం కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది కానీ మొదటి నుంచీ అది ఆల్కహాల్‌దానిలో సగం లోపే. అంటే మే నెల మధ్యాహ్నం చంద్రగిరి కోటలోని రాజమహల్ ఎదుట కూర్చొని గోడ నీడకు బూడిదరంగు పూసే చిత్రకారుడికి, మొదటి గీత ఆరకముందే రెండో గీత కలిసే వెసులుబాటు చలిదేశాల పుస్తకాల్లో చెప్పినంత సేపు దొరకదు, అంచుల వద్ద చారలు పడతాయి. ఆ సమయంలో వెడల్పైన మొన గల మార్కర్‌తో తక్కువ గీతల్లో పూయడం, లేదా రంగు నింపే పనిని పొద్దున్నే ముగించుకోవడం తప్ప వేరే ఉపాయం లేదు. మూత బిగుతు కూడా ఇక్కడే పరీక్షకు వస్తుంది; టక్కున శబ్దం చేసి పట్టని మూత ఎంత మంచి సిరాకైనా శత్రువే.

ఆల్కహాల్ సిరాలకు మరొక ఇబ్బంది ఉంది. నిప్పురవ్వ తగిలితే ద్రవం మీది ఆవిరి అంటుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రతను జ్వలన స్థానం అంటారు, శుద్ధమైన ఇథైల్ ఆల్కహాల్‌కు అది దాదాపు 13 డిగ్రీలు. తిరుపతిలో డిసెంబరు రాత్రుల్లో సైతం ఉష్ణోగ్రత సాధారణంగా దానికంటే పైనే ఉంటుంది. మార్కర్ లోపల పీచులో ఇంకి ఉన్న కాస్త సిరా పెద్ద ప్రమాదకారి కాకపోయినా, రీఫిల్ సీసాలను ఎండలో నిలిపిన కారులో వదలడం గానీ, మండే ద్రవాలను అనుమతించని రైలులో, విమానంలో వెంట తీసుకుపోవడం గానీ తగదు. ఇంటి దగ్గర నింపుకొని, సీసాను అక్కడే ఉంచి, నిండిన మార్కర్లతో బయలుదేరడం ఈ తెగకు సరైన పద్ధతి. నీటి సిరాలకు ఈ బెడద లేదు కాబట్టి దూర ప్రయాణాలు చేసేవారికి అవే అనుకూలం.

కొండలెక్కేవారికి ఇంకొక సమస్య ఎదురవుతుంది. తిరుపతి పట్టణం సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తున ఉంటే తిరుమల 850 మీటర్లకు పైగా ఎత్తున, మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలు సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉన్నాయి. కింది నుంచి పైకి వెళ్లేసరికి గాలి పీడనం తిరుమల వద్ద సుమారు పన్నెండో వంతు, హార్స్‌లీ కొండల వద్ద సుమారు ఎనిమిదో వంతు తగ్గుతుంది, గొట్టంలో చిక్కుకొన్న గాలి ఆ మేరకు వ్యాకోచించి తన ముందున్న ద్రవాన్ని తోస్తుంది. పీచుకట్ట ఉన్న మార్కర్‌లో గాలికి సందుల గుండా దారి దొరుకుతుంది కాబట్టి నష్టం తక్కువ. ద్రవం స్వేచ్ఛగా ఉండే పంపు మార్కర్‌లో, పిడిలోనే నీరు నింపుకొనే నీటి కుంచెలో మాత్రం మూత తీసి నొక్కగానే బొట్టు పడే ప్రమాదం ఎక్కువ. స్వదేశీ ఉద్యమ కాలం నుంచి పేరుపొందిన రాజమండ్రి రత్నం పెన్నుల వంటి, చుక్కలతో సిరా నింపే ఎబొనైట్ కలాలు వాడిన పెద్దలకు ఈ సంగతి అనుభవమే. గొట్టంలో సిరా అడుగంటినప్పుడు చేతి వేడికి లోపలి గాలి సాగి, కాగితం మీద మరక పడేది. వారు పాటించిన జాగ్రత్తే ఇక్కడా పనిచేస్తుంది. బయలుదేరే ముందు గొట్టాన్ని దాదాపు నింపితే లోపల గాలి తక్కువగా ఉంటుంది, సాగేది కూడా తక్కువే. అయితే ఈ సలహా పంపు మార్కర్లకు, నీటి కుంచెలకు మాత్రమేనని, పీచుకట్ట మార్కర్లకు ఇది చేటు చేస్తుందని మరచిపోరాదు. కొండ మీదికి చేరాక మొనను పైకి పట్టి ఒకసారి కవాటం నొక్కితే లోపలి గాలి బయటికి పోతుంది, ఆ తరువాత గీయవచ్చు. విమానంలో క్యాబిన్ పీడనం 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తుకు సమానంగా ఉంటుంది కాబట్టి అక్కడా ఇదే వర్తిస్తుంది.

కాగితం విషయానికి వస్తే, గుడ్డకు పాలు పట్టినట్టే కాగితానికి తయారీలోనే గంజి, జెలటిన్ లేదా కృత్రిమ మైనపు పదార్థాలు పట్టిస్తారు. సైజింగ్ అనే ఈ పని వల్ల కాగితపు పీచుల పీల్చే గుణం అదుపులో ఉంటుంది. సైజింగ్ నీటిని బాగా ఆపుతుంది, కానీ తలతన్యత తక్కువైన ఆల్కహాల్‌ను అంతగా ఆపలేదు. జిరాక్స్ కాగితం మీద నీటి సిరా గీత చక్కగా నిలిచి, ఆల్కహాల్ మార్కర్ గీత వెనక పేజీ దాకా దిగిపోవడానికి ఇదే కారణం. ఆల్కహాల్ మార్కర్ ఎంచుకొన్నవారు వెనకవైపు పూత ఉన్న మార్కర్ కాగితాన్నో, మందమైన నునుపు అట్టనో కొనుక్కోక తప్పదు, ఆ ఖర్చును మార్కర్ ధరలో కలిపే చూడాలి. నీటి సిరా మార్కర్‌కు మామూలు కాట్రిడ్జ్ కాగితం చాలు. గరుకు జలవర్ణ కాగితం ఏ తెగకూ మంచిది కాదు, ఎందుకంటే దాని ఎగుడుదిగుడులు పీచు మొనను ఆకురాయిలా అరగదీస్తాయి.

మొన అరగడం చిన్న విషయంగా కనిపించినా, మార్కర్ జీవితాన్ని నిర్ణయించేది చాలాసార్లు అదే. సిరాను ఎన్నిసార్లయినా నింపవచ్చు, ప్లాస్టిక్ గొట్టం ఏళ్ల తరబడి చెడదు, కానీ నైలాన్ లేదా పాలియెస్టర్ పీచుతో చేసిన మొన నెలల వాడకంలోనే చీలి, నలిగి, గీత అంచు పాడవుతుంది. కాబట్టి రీఫిల్ దొరుకుతుందని మురిసిపోయే ముందు మొన ఊడి వస్తుందా, విడిగా అమ్ముతారా అని అడగడం అవసరం. కొన్ని పంపు మార్కర్లలో మొనకు రెండు కొసలూ పనికివస్తాయి, పటకారుతో లాగి తిప్పి గుచ్చితే చాలు. మొన కదలని మార్కర్‌కు రీఫిల్ సీసా కొనడం కొంతవరకు డబ్బు దండగే.

రంగు ఎంతకాలం నిలుస్తుందనే ప్రశ్నను సరదాకు గీసే పుస్తకం వరకు పట్టించుకోనక్కర్లేదు గానీ, బొమ్మను అమ్మేవారు, గోడకు తగిలించేవారు పట్టించుకోవాలి. కరిగిన రంగు అణువులు విడివిడిగా ఉండటం వల్ల సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు వాటి బంధాలను సులభంగా తెంచుతాయి. రేణువుల రూపంలో ఉన్న రంగులో పైపొర దెబ్బతిన్నా లోపలిది మిగులుతుంది. ఆల్కహాల్ మార్కర్ల బొమ్మలు వెలుతురులో వెలసిపోవడం, అక్రిలిక్ రంగులు నిలవడం ఇందువల్లనే. రంగుల నిలకడను కొలవడానికి ఎనిమిది మెట్ల నీలి ఉన్ని కొలమానం అంతర్జాతీయంగా వాడుకలో ఉంది. వేర్వేరు నిలకడలు గల నీలి రంగులు వేసిన ఉన్ని ముక్కల పక్కన పరీక్షించదలచిన రంగును ఎండకు పెట్టి, ఏ ముక్కతో సమానంగా వెలిసిందో చూస్తారు. ఇంట్లో అంత శ్రమ పడనక్కర్లేదు. మార్కర్లతో గీసిన కాగితపు పట్టీలో సగాన్ని నల్లని అట్టతో కప్పి, ఎండ పడే కిటికీకి వేసవి రెండు నెలలు అతికిస్తే రాయలసీమ సూర్యుడే తీర్పు చెబుతాడు. కలంకారీలో పటిక పట్టించిన చోట మంజిష్ఠ, సురుడు చెక్క వంటి వాటితో ఉడికించి తెచ్చే ఎరుపు దీర్ఘకాలం నిలవడానికి, పటికలోని అల్యూమినియం రంగు అణువును పోగుకు కట్టివేసి కరగని సమ్మేళనంగా మార్చడం కారణం. మార్కర్ సిరాకు అటువంటి కట్టుబాటు ఏర్పడేంత వ్యవధి గానీ, ఉడకబెట్టే అవకాశం గానీ లేవు.

ఎన్ని రంగులు కొనాలనే దానిలో మార్కెట్ ఒత్తిడికి లొంగడం కంటే శ్రీకాళహస్తి పద్ధతిని చూడటం మేలు. కోపిక్ జాబితాలో 358 రంగులున్నాయి. కలంకారీ తెరల్లో రామాయణ, భారత కథలన్నీ నలుపు, ఎరుపు, పసుపు, నీలం, వాటి కలయికలతో వచ్చే ఆకుపచ్చ వంటి కొద్ది రంగులతోనే నడిచిపోయాయి. బయట గీసేవారికి రెండు మూడు బూడిదరంగు మెట్లు, మట్టిరంగు ఒకటి, ఆకుపచ్చ ఒకటి, నీలం ఒకటి ఉంటే శేషాచలం కొండల అంచులను, గోపురాల నీడలను గీయడానికి ఎక్కువ లోటు కనిపించదు. తక్కువ రంగులు ఎంచుకొన్నప్పుడు ప్రతి రంగుకూ సీసా, అదనపు మొన కొనగలిగే స్థోమత మిగులుతుంది.

ఆ కొద్దిలోనూ నలుపును మాత్రం వేరే తెగ నుంచి తీసుకోవడం మంచిది. కలంకారీలో నల్లగీతలు మొదట పడతాయి, ఆ తరువాత గుడ్డను పటిక నీళ్లలోనూ, మరిగే రంగునీళ్లలోనూ, నది ప్రవాహంలోనూ ఎన్నిసార్లు ముంచి ఉతికినా అవి చెదరవు, ఎందుకంటే తరువాత తగిలే ఏ ద్రవంలోనూ కరగని పదార్థంగా అవి అప్పటికే మారిపోయి ఉంటాయి. మార్కర్లతో పనిచేసేవారూ ఈ వరుసనే పాటించాలి. ఆల్కహాల్ రంగులు పూయదలిస్తే, ఆల్కహాల్‌లో కరగని రేణువులతో చేసిన నీటి ఆధారిత నల్ల సిరాతో ముందు గీతలు గీసి కొద్ది నిమిషాలు ఆరనివ్వాలి. ఆల్కహాల్‌లో కరిగే మామూలు పర్మనెంట్ మార్కర్‌తో గీస్తే పై రంగు తగలగానే నలుపు కరిగి మొనలోకి ఎక్కి, పసుపు మార్కర్‌ను సైతం మురికి చేస్తుంది. అలా మురికిపట్టిన మొనను తుక్కు కాగితం మీద రంగు తేటపడే దాకా గీసి శుభ్రం చేయవచ్చు. నీటి రంగులు పూయదలచినవారు నల్లగీతకు ఆరిన తరువాత నీటిలో కరగని సిరా ఎంచుకొని, కొనే ముందు దుకాణంలోనే చిన్న కాగితం మీద గీసి, ఆరాక తడివేలితో రుద్ది చూసుకొంటే సరిపోతుంది.